నాంచారమ్మ భయం

గుల్లలతిప్ప హైస్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లలు తుపాను పాఠం బాగా చదువుకున్నారు. అల్పపీడనం ఎలా ఏర్పడుతుందో బొమ్మ గీసి చూపించారు. ఉప్పెన అంటే ఏమిటో, ప్రమాద హెచ్చరికలు ఎన్ని రకాలో, షెల్టరుకు వెళ్ళేటప్పుడు ఏమేం పట్టుకెళ్ళాలో తడుముకోకుండా రాశారు. ముప్పై ఒక్క మందిలో ఇరవైకి పదిహేడు కన్నా తక్కువ వచ్చినవాళ్ళు లేరు.

పేపర్లు దిద్దడం అయ్యాక జోషిత ముందు బెంచీలోని పావని అనే పిల్లను దగ్గరకు పిలిచి, ప్రశ్నల కాగితంలో లేని ప్రశ్న ఒకటి అడిగింది.

“నిజంగా హెచ్చరిక వస్తే మీ ఇంట్లో ఏం చేస్తారు?”

“టీవీ చూస్తామక్కా.”

“తర్వాత?”

“నాంచారమ్మ మామ్మ అన్నం తిందో లేదో చూసి రమ్మంటాడు మా నాన్న. తింటే ఇంట్లోనే ఉంటాం. తినకపోతే షెల్టరుకి పోతాం.”

మిగతా పిల్లలు కూడా అదే చెప్పారు, అందులో వింతేమీ లేనట్టు.

జోషిత బందరులో బీఎస్సీ రెండో ఏడు చదువుతోంది. కోస్తాలోని నాలుగు కాలేజీలు కలిసి వాతావరణ విద్య మీద పరిశోధన మొదలుపెట్టి, డిగ్రీ విద్యార్థుల్ని కూడా చేర్చుకుంటామన్నప్పుడు ముందుగా పేరిచ్చినవాళ్ళలో ఆమె ఒకతి. అన్నీ తెలిసిన జనం హెచ్చరిక వచ్చినా ఇల్లు ఎందుకు కదలరన్నది ఆ పరిశోధన ప్రశ్న. జోషితకూ, ఆమెతో పాటు చేరిన సుభానీకీ గుల్లలతిప్ప ఇచ్చారు. ఆ సాయంత్రమే ఇద్దరూ నాంచారమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళారు.

ఆమె వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. డెబ్బై ఏళ్ళు. బక్కమనిషి. రెండు ముంజేతుల మీదా పాత గాట్లు తెల్లగా కనిపిస్తున్నాయి. డెబ్బై ఏడు ఉప్పెన నాటికి ఆమెకు పదకొండేళ్ళు.

“నీళ్ళొచ్చేసరికి మా అమ్మ నన్ను తుమ్మచెట్టెక్కించింది,” అని చెప్పింది. “నా జడ ఇప్పి కొమ్మకి ముడేసింది. సోయ తప్పితే తల నీళ్ళల్లో పడిపోద్దని. తెల్లారి సూస్తే జడ కొమ్మకే ఉంది. నేనున్నా. మా అమ్మ లేదు. అప్పట్నించీ జడెయ్యను.”

“మరి ఈ అన్నం సంగతేంటి మామ్మా?” అని అడిగాడు సుభానీ.

“గాలి ఈశాన్నానికి తిరిగితే నా మోకాళ్ళకి ముందు తెలుస్తది బాబూ. వణుకు అక్కడ మొదలై పైకొచ్చి గొంతు పట్టుద్ది. మెతుకు దిగదు. టీవీ వోళ్ళు మాట మారుస్తారు గానీ నా గొంతు మార్చదు.”

బందరు తిరిగొచ్చాక జోషిత ఈ మాటలు డాక్టర్ కాత్యాయనికి వినిపించింది. పరిశోధన బృందానికి పెద్ద ఆమే. మెదడు మీద పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. రికార్డింగు రెండోసారి పెట్టించుకుని విని, “మన పిల్లలకి లేనిది ఇదేనమ్మా,” అంది.

ఆమె తయారుచేసిన పట్టీ చూడటానికి తలనొప్పికి కట్టుకునే గుడ్డలా ఉంటుంది. మనిషి ఒక భయాన్ని తలచుకుంటున్నప్పుడు మెదడులో, గుండెలో, చర్మం కింద జరిగేదాన్ని అది చదివి దాచుకుంటుంది. ఇంకొకరి తలకు కడితే వాళ్ళ ఒంటికి నేర్పుతుంది. కథ చెప్పదు, బొమ్మలు చూపించదు. ఒళ్ళు గుర్తుపెట్టుకున్నది మాత్రమే ఇస్తుంది.

నాంచారమ్మ వెంటనే ఒప్పుకుంది. “నా బయ్యం పిల్లలకి పనికొస్తదంటే తీసుకోండి. నాకు పనికొచ్చింది చాల్లే,” అని వేలిముద్ర వేసింది. ఆరు వారాలు, వారానికొకసారి, కాలేజీ వెనక ప్రయోగశాలలో కుర్చీ మీద కూర్చుని కళ్ళు మూసుకుని ఆనాటి నీళ్ళను తలచుకుంది. ప్రతిసారీ చెమటతో తడిసిపోయి లేచేది. ఆరోసారి మాత్రం మామూలుగా లేచి, టీ ఇప్పించమంది.

పిల్లలకు ఇచ్చేముందు బృందంలో ఒకరి మీద చూడాలన్నారు. జోషిత చెయ్యెత్తింది. నాంచారమ్మను తెచ్చింది తనే కాబట్టి అది తన బాధ్యత అనుకుంది. పరిశోధన పత్రంలో పేరు ముందుంటుందన్న ఆశ కూడా లేకపోలేదు.

నలభై నిమిషాలు పట్టీ కట్టుకుని కూర్చుంది. ఏమీ కాలేదనే అనుకుంది. సుభానీ పట్టీ విప్పి, ఉక్కగా ఉందని టేబుల్ ఫ్యాన్ వేశాడు. మరుక్షణం జోషిత కుర్చీ తన్నుకుని లేచి, గోడకు వీపు ఆనించి నిలబడింది. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. ఫ్యాన్ ఆపేదాకా కదల్లేకపోయింది.

“పనిచేస్తోంది,” అంది కాత్యాయని. ఆమె గొంతులో సంతోషం వినిపించింది. జోషితకు కూడా వణుకు మధ్యలో సంతోషమే కలిగింది.

మర్నాడు ఉదయం ఇంట్లో వాళ్ళమ్మ జడ వేయబోయింది. మూడు పాయలు తీసి బిగించగానే జోషితకు మెడ కొయ్యబారింది. దువ్వెన లాక్కుని విసిరేసింది. మూడో రోజు జుట్టు మెడ దాకా కత్తిరించుకుని వచ్చింది.

“ఇదేం చదువే,” అంది తల్లి. “ఫ్యానేస్తే లేచిపోతావు. కిటికీ తెరిస్తే మూస్తావు. అన్నం చూస్తే అట్టాగే ఉంటోంది.”

“కొన్నాళ్ళేలే అమ్మా.”

పది రోజులకు ఆమె స్థితి రాయాల్సిన కాగితం వచ్చింది. పిల్లల తల్లిదండ్రులు సంతకం పెట్టేముందు చదివేది దాన్నే. ఏం రాయాలా అని జోషిత చాలాసేపు కూర్చుంది. ఉన్నదున్నట్టు రాస్తే ప్రయోగం ఆగిపోతుందేమోనని భయపడింది. ఎలాగూ పిల్లలకు ఇచ్చేది పదో వంతే కదా అని సర్దిచెప్పుకుంది. చివరికి ‘స్వల్ప అసౌకర్యం’ అని రాసి సంతకం పెట్టింది.

ఆగస్టులో ముప్పై ఒక్క మందికీ పట్టీ కట్టారు. రెండు వారాల తర్వాత మళ్ళీ అదే ప్రశ్న అడిగితే, హెచ్చరిక వస్తే వెంటనే షెల్టరుకి పోతామని అందరూ చెప్పారు. ఒక్కరూ నాంచారమ్మ అన్నం మాట ఎత్తలేదు. మిగతా మూడు కాలేజీల వాళ్ళు ఫోన్లు చేసి కాత్యాయనిని అభినందించారు. తమ ఊళ్ళలో కూడా మొదలుపెడతామన్నారు.

ఆ రోజు పావని తండ్రి సాంబయ్య బడి బయట జోషిత కోసం నిలబడి ఉన్నాడు. పడవ మీద పనిచేసే మనిషి. చెప్పాలా వద్దా అన్నట్టు నసిగాడు.

“పాప పడుకునేముందు తన చెయ్యి తువ్వాలుతో మంచంకోడుకి కట్టుకుంటోందమ్మా. రోజూనూ. ఎందుకే అంటే తెలీదంటది. ఇప్పితే ఏడుస్తది. ఇది మీరు పెట్టినదాని వల్లేనా?”

“మేడమ్‌కి చెప్తాను అన్నా,” అంది జోషిత.

అక్కణ్ణుంచి సుభానీతో కలిసి నాంచారమ్మ ఇంటికి వెళ్ళింది. ఆమెను కూడా ఒకసారి పరీక్షించాల్సి ఉంది. నాంచారమ్మ గడపలో కూర్చుని ఉంది. కోడలు వెనక కూర్చుని ఆమెకు జడ అల్లుతోంది.

“మా అత్తయ్య జడేసుకోటం నేనిదే చూడ్డం,” అంది కోడలు నవ్వుతూ. “హాయిగా నిద్రపోతోంది. నీకు దణ్ణం పెట్టాలమ్మా.”

సుభానీ నాంచారమ్మ వేలికి తీగ తగిలించి, ఫోనులో తుపాను గాలి చప్పుడు వినిపించాడు. వాళ్ళ దగ్గరున్న పాత రికార్డులో ఆ చప్పుడుకు గీత తాటిచెట్టంత ఎత్తు లేచేది. ఇప్పుడు నేల మీద గీసిన గీతలా సాగింది. మళ్ళీ వినిపించాడు. అలాగే ఉంది.

“ఏం మామ్మా, భయం వెయ్యట్లేదా?”

“ఎందుకేస్తది? ఫోనే గదా.”

దారిలో సుభానీ బండి ఆపి జోషిత వైపు తిరిగాడు. “మనం నకలు తియ్యలేదు జోషితా. ఉన్నదాన్ని తెచ్చేసుకున్నాం.”

కాత్యాయని ఆ గీతలను పాత రికార్డు పక్కన పెట్టి చూసింది. “ఒక గుర్తును తలచుకున్న ప్రతిసారీ మెదడు దాన్ని తీసి, మళ్ళీ రాసి దాచుకుంటుంది,” అంది. “మన పట్టీ చదువుతున్నంతసేపూ ఆ తిరిగి రాయడం జరగలేదన్నమాట. నేనిది ఊహించాల్సింది.” ఆ సాయంత్రమే మూడు కాలేజీలకూ ప్రయోగం ఆపమని రాసింది. రికార్డు ఉంది కాబట్టి నాంచారమ్మది ఆమెకు తిరిగి పెట్టవచ్చునంది. పిల్లల తలలో ఉన్నదాన్ని కూడా అదే పద్ధతిలో తీసేయవచ్చునంది. కానీ ఒకసారి తొందరపడ్డాం, ఈసారి పరీక్షించకుండా ఎవర్నీ ముట్టుకోనని కూడా అంది.

నాంచారమ్మ మాత్రం వినగానే చెయ్యి అడ్డంగా ఊపింది. “నాకొద్దు. ఇన్నాళ్ళకి కంటినిండా నిద్దరొస్తంది. మళ్ళీ అది నా నెత్తిన పెడతారా?”

ఆమె ఇష్టమే కానిమ్మన్నారు. జోషితకు మాత్రం ఒకటే ఆలోచన: ఎంత చెప్పినా ఊరంతా ఇంకా ఆమె కంచం వైపే చూస్తోంది.

నవంబరు మూడో వారంలో వాయుగుండం తుపానుగా మారింది. ఉదయం ఎనిమిదింటికి రేవులో ఎనిమిదో నంబరు హెచ్చరిక ఎగరేశారు. జోషితకు అంతకు ముందు రోజే మోకాళ్ళలో మొదలైంది. మంచినీళ్ళు కూడా దిగడం లేదు. తొమ్మిదింటికి సాంబయ్య ఫోను చేశాడు. గాలి హోరులో అతని గొంతు తెగి తెగి వినిపించింది.

“పిల్లలంతా పోయి షెల్టరు ముందు కూర్చున్నారు. తాళం తియ్యలేదింకా. వానలో తడుస్తన్నారు. ఇంటికి రమ్మంటే కరుస్తన్నారమ్మా. ఏం చేశారు మీరు వీళ్ళని?”

“అన్నా, మీరు కూడా అక్కడికే వెళ్ళండి. తాళం పగలగొట్టండి.”

“పోలీసులొచ్చి బస్సు పెడతామన్నారు. జనం కదలట్లా. నాంచారమ్మ పొద్దున్నే సద్దన్నం తింది, ఇప్పుడు పులుసు కాయించుకుంటంది. భయం లేదంటన్నారు ముసలోళ్ళు.”

సుభానీ బండి తీశాడు. ముప్పై కిలోమీటర్లు. జోషిత కళ్ళు మూసుకుని, అతని చొక్కా రెండు చేతుల్తో పట్టుకుని కూర్చుంది. ఎదురుగాలి బండిని పక్కకు నెట్టినప్పుడల్లా దిగి పరుగెత్తి వెనక్కి పోవాలనిపించింది. రెండుసార్లు ఆపమని అరిచింది. రెండుసార్లూ తనే మళ్ళీ పోనిమ్మంది.

వాళ్ళు వెళ్ళేసరికి షెల్టరు ముందు పిల్లలు ఒకరి చేతులొకరు పట్టుకుని గోడకు అంటుకుపోయి ఉన్నారు. పావని పెదవులు నీలంగా ఉన్నాయి. ఎవరో ఆడవాళ్ళు పిల్లల్ని లాగుతున్నారు. సుభానీ, సాంబయ్య తాళం మీద పడ్డారు. జోషిత నాంచారమ్మ ఇంటికి పరుగెత్తింది.

నాంచారమ్మ పీట మీద కూర్చుని అన్నం తింటోంది. వీధిలో చూరు కింద నలుగురైదుగురు ముసలివాళ్ళు నిలబడి ఆమెనే చూస్తున్నారు.

“రాయే, కూకో. రెండు ముద్దలు తిందువుగాని,” అంది.

“లే మామ్మా. షెల్టరుకి పోదాం.”

“ఎందుకే?”

“గాలి ఈశాన్యం నుంచొస్తోంది.”

“కార్తీకంలో రాక ఎప్పుడొస్తది?”

“నీకు గుర్తులేదా?” జోషిత అరిచింది. “మీ అమ్మ జడ ముడేసింది. నీళ్ళు. నీకేం గుర్తులేదా?”

“ఎందుకు లేదే. అంతా గుర్తే. ఎవురో సెప్తే యిన్నట్టు గుర్తుంది.” నాంచారమ్మ ఇంకో ముద్ద కలిపింది.

పైకప్పు రేకు ఒకటి లేచి టపటపా కొట్టుకుంది. జోషిత మోకాళ్ళు వాటంతటవే వంగిపోయాయి. గడప పట్టుకుని కూలబడింది. ఇంకేదో చెప్పబోయింది గానీ గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు.

నాంచారమ్మ ముద్ద కంచంలో వదిలేసి దగ్గరకు జరిగింది. ఎడమ అరచెయ్యి జోషిత మోకాలి మీద వేసి, కాసేపు అలాగే ఉంచింది.

“ఇది నాకు తెలుసు,” అంది మెల్లగా. “ఇక్కడ మొదలై పైకొచ్చుద్ది. ఇప్పుడు గొంతు పట్టింది. ఉమ్మి కూడా మింగలేవు. అవునా?”

జోషిత తలూపింది.

“పిల్లలకీ ఇదే పెట్టారా?”

మళ్ళీ తలూపింది.

“వానలో కూసున్నది అందుకా వోళ్ళు?”

జోషిత ఏడుస్తూ తల దించుకుంది. నాంచారమ్మ కంచంలోనే చెయ్యి కడుక్కుంది. లేచి, పొయ్యి మీది అన్నం తపేలా రెండు చేతుల్తో ఎత్తి, వాకిట్లోకి వెళ్ళి వీధి నడుమ బోర్లించింది. తెల్లటి మెతుకులు వాననీళ్ళలో కొట్టుకుపోయాయి.

“నాకు అన్నం దిగట్లేదర్రా,” అని కేకేసింది. “నడవండి. పిల్లల్ని ఎత్తుకుని నడవండి.”

ఆమె ముఖంలో భయం ఏమాత్రం లేదు. ఆ వానలో ఎవరూ అంత పరీక్షగా చూడలేదు. ముసలివాళ్ళు ముందు కదిలారు. వాళ్ళను చూసి మిగతావాళ్ళు కదిలారు. పన్నెండు దాటేసరికి గుల్లలతిప్పలో మనిషన్నవాడు లేడు. మూడింటికి సముద్రం ఊళ్ళోకి వచ్చింది.

మర్నాడు తెల్లవారాక షెల్టరు మేడ మీదనుంచి చూస్తే అరవై ఇళ్ళలో పదకొండు నిలబడి ఉన్నాయి. తలలు లెక్కపెట్టుకున్నారు. అందరూ ఉన్నారు. ఆడవాళ్ళు కొందరు నాంచారమ్మ కాళ్ళకు మొక్కారు. ఆమె విసుక్కుని మూలకు జరిగి, జోషిత పక్కన కూర్చుంది.

“నాకొక తమ్ముడుండేవోడు,” అంది ఉన్నట్టుండి. “మీ కాయితాల్లో రాయించలేదు. ఎవురికీ సెప్పలేదు. వాడి సెయ్యి నేను పట్టుకునున్నా. నేనే వదిలేశాను. ఇన్నేళ్ళూ అది నన్ను తిన్నది. ఇప్పుడేమో తినటం మానేసింది. వాడి పేరు తలుసుకుంటే పక్కింటి పిల్లోడి పేరులాగుంది. అది నాకు బాగోలేదే.”

తన కోసం రాసుకున్న నోట్సులో కూడా జోషిత రాయనిది అదొక్కటే. ఎవరి చెయ్యో తెలియక, ఏం రాయాలో తెలియక వదిలేసింది.

“తెలుసు మామ్మా,” అంది. “ఎడం చేతిలో ఉంటుంది. చాలా చిన్న చెయ్యి. వేళ్ళు నాని మెత్తగా ఉంటాయి. నా బొటనవేలు చుట్టూ పట్టుకుని ఉంటాడు.” ఆగింది. “నువ్వు వదల్లేదు. మోచెయ్యి కింద ముల్లు దిగింది, లోపలిదాకా. చెయ్యి మొద్దుబారిపోయింది. వేళ్ళు వాటంతటవే తెరుచుకున్నాయి. మళ్ళీ ముయ్యాలని చూశావు. చాలాసేపు చూశావు.”

జోషిత ఆపుకోలేక వెక్కి వెక్కి ఏడ్చింది. నాంచారమ్మ కళ్ళు పొడిగా ఉన్నాయి. ఆమె పమిట చెంగుతో జోషిత ముఖం తుడిచింది, మళ్ళీ తడిస్తే మళ్ళీ తుడిచింది.

“నేనేడవాల్సింది నువ్వేడుస్తన్నావు,” అంది. “నాది నాకిచ్చెయ్యమ్మా. అందులో వాడున్నాడు.”

డిసెంబరంతా ఆ పనే సరిపోయింది. ‘స్వల్ప అసౌకర్యం’ అని తను రాసింది అబద్ధమని జోషిత నాలుగు కాలేజీలకూ ఉత్తరం రాసింది. కాత్యాయని ఆ ఉత్తరం కింద తన తప్పును కూడా రాసి సంతకం పెట్టింది. పరిశోధన పత్రం వెనక్కి తీసుకున్నారు. ముందు సుభానీ ఆ భయాన్ని తనకు పెట్టించుకుని, తిరిగి తీయించుకుని పరీక్షించాడు. తర్వాత పిల్లల్లో ఒక్కొక్కరికీ, తల్లిదండ్రుల ఎదుట, పట్టీ కట్టి ఆ భయం తీసేశారు. పావని చివరిరోజు వచ్చింది. కుర్చీ ఎక్కబోతూ ఆగి, “మళ్ళీ గాలొస్తే మాకెట్టా తెలుస్తదక్కా?” అని అడిగింది. జోషిత ఆమె తలకు పట్టీ కట్టింది.

జనవరి మొదటి వారంలో నాంచారమ్మ కొడుకూ కోడలితో బందరు వచ్చింది. ఈ వయసులో గుండె తట్టుకోకపోవచ్చునని కాత్యాయని మూడుసార్లు చెప్పింది. గుండె డాక్టరును పిలిపించి కుర్చీ పక్కనే కూర్చోబెట్టింది. కొడుకు వద్దన్నాడు. నాంచారమ్మ వినలేదు. వేలిముద్ర వేసి, “నాకు పెట్టాక మీ పెట్టెలో ఉన్నది చెరిపెయ్యండి. ఇంకెవురికీ పెట్టమాకండి,” అంది.

ముందు జోషితను కూర్చోబెట్టారు. పట్టీ చదువుతున్నంతసేపూ ఆమె ఎడమ చెయ్యి పిడికిలి బిగించి ఉంచింది. గంట గడిచాక సుభానీ ఫ్యాన్ వేశాడు. గాలి చల్లగా తగిలింది. అంతే. జోషిత పిడికిలి తెరిచి చూసుకుంది. ఒక చెయ్యి ఉండేదని తెలుసు, మెత్తగా ఉండేదని తెలుసు. ఎంత ప్రయత్నించినా తన అరచెయ్యి తప్ప అక్కడ ఏమీ లేదు.

నాంచారమ్మ తన జడ తానే విప్పుకుని కుర్చీలో కూర్చుంది. మొదటి ఇరవై నిమిషాలు కదలలేదు. తర్వాత ముంజేతుల మీద వెంట్రుకలు లేచాయి. మెడ బిగిసింది. గీత పైకి పాకుతుంటే కాత్యాయని రెండుసార్లు మీట మీద చెయ్యి వేసి, గుండె డాక్టరు వైపు చూసి, తీసేసింది. నాంచారమ్మ ఎడమ చేతి వేళ్ళు గాలిలో దేన్నో వెతుక్కుని ముడుచుకున్నాయి. ఆమె నోట ఒక పేరు వచ్చింది. గదిలో ఎవరూ అంతకు ముందు వినని పేరు. వెంకటేసు అంది. ఇంకోసారి అంది. తర్వాత అరవై ఏళ్ళ నాటి ఏడుపు ఏడ్చింది.

జోషిత మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని పక్కన నిలబడింది. ఈ మనిషి దుఃఖం మొన్నటిదాకా తన ఒంట్లో ఉండేదన్న సంగతి ఎవరో చెబితే విన్నట్టుంది.

చాలాసేపటికి నాంచారమ్మ కళ్ళు తుడుచుకుంది. గ్లాసు అందుకుంది. ఒక్క గుక్క పట్టుకుని, మింగలేక, పట్టుబట్టి మింగింది. కిటికీ వైపు చూసి, ఆకులు ఎటు ఊగుతున్నాయో గమనించింది. అప్పుడు జోషిత వైపు తిరిగి, కత్తిరించిన ఆమె జుట్టును ఒకసారి చేత్తో సర్దింది.

“బాగా సిక్కిపోయావే,” అంది. “ఇంటికెల్లి అన్నం తిని పడుకో. ఇంక గాలి సంగతి నేను సూసుకుంటా.”